రోగమూలం వెదకిన డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు

మన నౌపడ ఉప్పుమళ్ల గట్ల మీద బోదకాలు ఈడ్చుకుంటూ నడిచిన పెద్దలను మన సంఘంలో అనేకులు ఎరుగుదురు. ఆ వ్యాధికి ఇంటింటికి తెచ్చి మ్రింగించిన డి.ఇ.సి. మాత్రల వెనుక ఒక తెలుగువాని కృషి ఉన్నదని తెలిసినవారు మాత్రం కొద్దిమందే.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. గ్రహణి రోగం అన్నగారిని పొట్టన పెట్టుకున్నది. ఆ రోగానికి మూలమేమిటన్న ప్రశ్న ఆయనను జీవితాంతం విడువలేదు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రి పని చేస్తూ హార్వర్డులో పరిశోధన సాగించారు.

అక్కడ ఫిస్కేగారితో కలిసి కండరాలలోని భాస్వర పదార్థాలను శోధించారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. వెల్లడైనవి. అదే సంవత్సరం జర్మనీలో లోమన్‌గారు కూడా ఎ.టి.పి.ని వేరుగా కనుగొన్నారు. గుండె కొట్టుకొనే ప్రతిసారీ ఖర్చయ్యే శక్తి ఈ ఎ.టి.పి.యే. గుండెకు రక్తం తెచ్చే నాళం పూడుకుపోతే ప్రాణవాయువు అందదు. ఎ.టి.పి. తయారీ కుంటుపడి కండరం చచ్చిపోతుంది. గుండెనొప్పిలో ప్రతి నిమిషం విలువైనదనడానికి కారణమిదే.

1940లో ఆయన లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. ఆయన నాయకత్వంలో 1945లో ఫోలిక్ ఆమ్లం కృత్రిమంగా తయారైనది. గ్రహణివల్ల కలిగే రక్తహీనతకు అది మందైనది. అయితే బి12 లోపించినవారికి ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇస్తే రక్తం మెరుగుపడినా, నరాల క్షీణత ఆగదని వైద్యులు గ్రహించారు. బి12 విటమిన్‌ను 1948లో వేరుచేశారు. మొగము కళకళలాడినంత మాత్రాన రోగం పోయినట్లు కాదన్నమాట! అరికాళ్లు తిమ్మిరెక్కినప్పుడు బలం మాత్రలతో సరిపెట్టుకొనక, వైద్యునికి చూపించి రక్తపరీక్ష చేయించుకొనుట మేలు.

బోదకాలు క్రిములు శోషరస నాళాలలో కాపురముండి, వాటి పిల్లలు రక్తంలో తిరుగుతాయి. ఆ పిల్లలను తొలగించే డి.ఇ.సి. 1947లో ఆ ప్రయోగశాలనుండే వచ్చినది.

కండరాల శక్తి మర్మం విప్పిన ఆయన, 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, గుండెపోటుతోనే అమెరికాలో కన్నుమూశారు. ఆయన మన సంఘపువాడు కాడు. అయినను తనకు అప్పగింపబడిన తలాంతును భూమిలో పాతిపెట్టలేదు. ఈ శతవార్షిక సంవత్సరంలో మన యువతీయువకులు పైపై ఉపశమనంతో తృప్తిపడక, బాధకు మూలం వెదకే ఓర్పును ప్రభువు నడిగి పొందుదురు గాక.