పుట్టిన ఊళ్లోనే ఓడ దిగనివ్వలేదు: వాంగ్ కిమ్ ఆర్క్ కథ

1895 ఆగస్టులో చైనా నుంచి వచ్చిన ‘కాప్టిక్’ అనే స్టీమర్ అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో రేవుకు చేరింది. అందులో వాంగ్ కిమ్ ఆర్క్ అనే ఒక వంటమనిషి ఉన్నారు. వయసు ఇరవై రెండేళ్ల లోపే. అమ్మానాన్నలను చూడ్డానికి చైనా వెళ్లి, తిరిగి ఇంటికి వస్తున్నారు. కస్టమ్స్ అధికారి మాత్రం దిగడానికి వీల్లేదన్నారు. నీది ఈ దేశం కాదు పొమ్మన్నారు.

నిజానికి ఆయన పుట్టింది ఆ ఊళ్లోనే. కోర్టు రికార్డుల ప్రకారం 1873లో, చైనా వాళ్లు ఎక్కువగా ఉండే పేటలో పుట్టారు. తల్లిదండ్రులు అక్కడ వ్యాపారం చేసుకుని, తర్వాత చైనాకు వెళ్లిపోయారు. కొడుకు మాత్రం హోటల్ వంటపనిలో కుదురుకుని అక్కడే ఉండిపోయారు.

అప్పట్లో చైనా వాళ్లంటే అమెరికాలో చాలా కోపం ఉండేది. పనులు లాక్కుంటున్నారని 1882లో ఏకంగా ఒక చట్టమే తెచ్చి చైనా కూలీల రాకను ఆపేశారు. అప్పటికే ఉన్నవాళ్లు ఎన్నేళ్లున్నా దరఖాస్తు పెట్టుకుని పౌరసత్వం తీసుకునే దారి కూడా మూసేశారు. ఇక మిగిలింది పుట్టుకతో వచ్చే హక్కు ఒక్కటే. అమెరికా గడ్డ మీద పుట్టి, అక్కడి చట్టం కిందికి వచ్చేవాళ్లు ఆ దేశ పౌరులేనని 1868లో వచ్చిన 14వ రాజ్యాంగ సవరణ చెబుతోంది. అది చైనా వాళ్ల పిల్లలకూ వర్తిస్తుందా? ప్రభుత్వం వర్తించదని వాదించాలనుకుంది. అందుకు వాంగ్ దొరికారు.

ఆయన కాగితాలు లేకుండా ఏమీ వెళ్లలేదు. ప్రయాణానికి ముందే ఫారం నింపారు. ఇతను ఇక్కడే పుట్టాడని తెల్లజాతి సాక్షులతో సంతకాలు కూడా చేయించుకున్నారు. చైనా వాళ్ల సాక్ష్యాన్ని అధికారులు నమ్మేవాళ్లు కాదు మరి! మన ఇళ్లల్లో అమ్మీలు నికానామా, రేషన్ కార్డు, బర్త్ సర్టిఫికెట్లు అన్నీ ఒకే కవర్లో చుట్టి బీరువాలో దాస్తారు కదా, ఆ జాగ్రత్త విలువ ఇలాంటి కథలు చదివితేనే తెలుస్తుంది. అయితే అన్ని కాగితాలూ ఉన్నా ఆయన్ని నెలల తరబడి ఓడల్లోనే ఉంచారు. ఒక ఓడ బయల్దేరుతుంటే మరో ఓడలోకి మార్చారు. ఎదురుగా సొంత ఊరు కనిపిస్తూనే ఉంది.

ఒక వంటమనిషి సొంత సంపాదనతో అమెరికా ప్రభుత్వం మీద కేసు నడపగలరా? నేను చదివింది కామర్స్ కాబట్టి ముందు ఖర్చు గురించే ఆలోచించాను. ఇక్కడ ఆదుకున్నది సిక్స్ కంపెనీస్ అనే చైనా వాళ్ల సంఘం. పేరు చూసి వ్యాపార కంపెనీ అనుకోవద్దు, ఊళ్లవారీగా ఏర్పడ్డ సంక్షేమ సంఘాల కలయిక అది. సభ్యుల దగ్గర చందాలు వసూలు చేసి, ఇలాంటి కేసులకు వకీళ్లను పెట్టేది. థామస్ రియోర్డన్ అనే లాయరు హెబియస్ కార్పస్ వేశారు. 1896 జనవరిలో జిల్లా కోర్టు జడ్జి విలియం మారో, వాంగ్ పౌరుడేనని తీర్పిచ్చారు. ప్రభుత్వం ఊరుకోకుండా సుప్రీంకోర్టుకు వెళ్లింది.

తల్లిదండ్రులు చైనా చక్రవర్తి ప్రజలు కాబట్టి బిడ్డ కూడా అంతేనన్నది ప్రభుత్వ వాదన. 1898 మార్చి 28న సుప్రీంకోర్టు 6–2 మెజారిటీతో దాన్ని కొట్టేసింది. తీర్పు రాసింది జస్టిస్ హొరేస్ గ్రే. విదేశీ రాయబారుల పిల్లలు, దేశాన్ని ఆక్రమించిన శత్రు సైన్యం వాళ్ల పిల్లలు లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులేనని తేల్చారు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన తెలుగు కుటుంబాల్లో పుట్టిన పిల్లలకు నీలం పాస్‌పోర్టు వస్తోందంటే వెనకున్నది ఈ తీర్పే. తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకు ఆ హక్కు ఉండదంటూ 2025 జనవరిలో ట్రంప్ ఆర్డర్ ఇచ్చినప్పుడు, కోర్టుల్లో మళ్లీ ఈయన కేసే ముందుకొచ్చింది. (మన దేశంలో రూలు వేరు. 1987 జులై 1 తర్వాత పుట్టినవాళ్లకు ఇక్కడ పుట్టారన్నది ఒక్కటే చాలదు, తల్లిదండ్రుల పౌరసత్వం కూడా చూస్తారు.)

గెలిచాక వాంగ్ కష్టాలు తీరిపోయాయా అంటే, లేదు. 1901లో టెక్సస్‌లోని ఎల్‌పాసోలో ఆయన్ని మళ్లీ అరెస్టు చేశారు, చైనా కూలీ అక్రమంగా ఉంటున్నాడని! తన పేరు మీదే సుప్రీంకోర్టు తీర్పు ఉన్న మనిషి 300 డాలర్ల బాండు కట్టి బయటికి రావాల్సి వచ్చింది. కేసు కొట్టేయడానికి నెలలు పట్టింది.

ఆయన భార్యాపిల్లలు చైనాలోనే ఉండేవారు. 1910లో పెద్ద కొడుకు అమెరికా వచ్చాడు. విచారణలో తండ్రి చెప్పిన జవాబులకు, కొడుకు చెప్పినవాటికి తేడాలున్నాయని, అసలు కొడుకే కాదని తిప్పి పంపేశారు. మిగతా కొడుకులు చాలా ఏళ్ల తర్వాత రాగలిగారు. చిన్నవాడు 1926లో, పదకొండేళ్ల వయసులో వచ్చి, రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు.

వాంగ్ 1931లో మళ్లీ చైనా బయల్దేరారు. అప్పటికి అరవైకి దగ్గర పడ్డారు. తిరిగి వస్తానంటూ ఈసారి కూడా ఫారం నింపి ఇచ్చారు. కానీ వెనక్కి రాలేదు. చైనాలోనే కన్నుమూశారు.