డాక్టరు గరికపాటి రాజారావుగారు

నాగలి పట్టిన చేతికిని, సుత్తి పట్టిన చేతికిని రంగస్థలమున నాయకస్థాన మొసంగిన మహనీయులలో డాక్టరు గరికపాటి రాజారావుగా రగ్రగణ్యులు. వీరు 1915వ సంవత్సరమున జన్మించి, వైద్యవిద్య నభ్యసించియు, నాట్యకళయందే మనసు నిలిపిరి. 1943వ సంవత్సరమున వెలసిన ప్రజానాట్యమండలికి సారథులై, నాటకమును, బుఱ్ఱకథాది జానపదకళలను పల్లెపల్లెకు గొనిపోయిరి.

సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగార్లు 1947వ సంవత్సరమున రచించిన ‘మా భూమి’ నాటకము విజయవాడ మొదలుగా కృష్ణాతీర గ్రామములందు బ్రదర్శితమై, తెలంగాణ కృషీవలుల యవస్థను ప్రేక్షకుల కన్నులకు గట్టించెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. కాని జనుల స్మృతినుండి తొలగింపజాలదయ్యెను.

1953వ సంవత్సరమున వీరు ‘పుట్టిల్లు’ చిత్రమును నిర్మించి, జమునగారిని, అల్లు రామలింగయ్యగారిని చలనచిత్రలోకమునకు బరిచయ మొనర్చిరి. ఆ చిత్రమువలన ధనలాభము చేకూరకున్నను, కళాలోకమునకు లాభమే కలిగెను. వీరు 1963వ సంవత్సరమున గీర్తిశేషులైరి.

మహాశయులారా! పట్టభద్రులను సత్కరించు మనము, చేతిపనివానికి సభామధ్యమున పీట వేయుచున్నామా? విద్యార్థివేతనము లొసంగు దాతలు పని నేర్చుకొను బాలురనుగూడ స్మరింతురు గాక!