గ్రహం కోసం వెతికి సూర్యుడి లెక్క తేల్చిన మందుల షాపాయన

1825లో జర్మనీలోని డెస్సావు పట్టణంలో మందుల షాపు నడుపుకునే ఒకాయనకు లాటరీలో టెలిస్కోపు తగిలింది. ఆయన పేరు సామ్యూల్ హైన్రిష్ ష్వాబే. ఊరికే వచ్చిన వస్తువును మనలో చాలామందిమి నాలుగు రోజులు మురిపెంగా చూసుకుని అటక మీద పడేస్తాం. ష్వాబే అలా చేయలేదు. ఆ టెలిస్కోపుతో మొదలైన అలవాటును దాదాపు 42 ఏళ్లు సాగించారు. సూర్యుడి మీద మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి మళ్లీ తగ్గుతాయని ఇప్పుడు బడి పిల్లలు కూడా చదువుకుంటున్నారు. ఆ సంగతిని మొదటిసారి లెక్కలతో లోకం ముందు పెట్టింది ఈ మందుల షాపాయనే. అయితే ఆయన వెతికింది దీని కోసం కాదు.

ష్వాబే 1789 అక్టోబర్ 25న డెస్సావులోనే పుట్టారు. తండ్రి వైద్యుడు. మందుల షాపు తల్లి తరఫు తాతగారిది. పదిహేడేళ్ల వయసులో ఆ షాపులోనే పనికి కుదిరారు. తర్వాత బెర్లిన్ వెళ్లి రెండేళ్లు చదువుకున్నారు. యురేనియంను కనిపెట్టిన క్లాప్రోత్ అక్కడ ఆయన గురువుల్లో ఒకరు. 1812లో తాతగారు పోవడంతో షాపు బాధ్యత ఈయన మీద పడింది, ఊరికి తిరిగి వచ్చేశారు. పొద్దున్నుంచి రాత్రి దాకా పొడులు నూరడం, తూకం వేయడం, చీటీ రాయడం. మనసు మాత్రం ఆకాశం మీద, మొక్కల మీద ఉండేది. మొక్కల మీద ఆసక్తి కూడా ఊరికే పోలేదు. తమ ప్రాంతపు మొక్కల గురించి తర్వాత ఓ పుస్తకమే రాశారు.

సూర్యుడి వైపు చూడమని ఆయనకు సలహా ఇచ్చింది హార్డింగ్ అనే ఖగోళవేత్త. జూనో అనే చిన్న గ్రహాన్ని కనిపెట్టింది ఆయనే. మందుల షాపు వాళ్లకు రాత్రిళ్లు మేల్కొని నక్షత్రాలు చూడటం కష్టం, పగలు కనిపించే సూర్యుడైతే వీలు. పైగా అప్పట్లో ఒక అనుమానం ఉండేది: బుధుడి కంటే లోపల, సూర్యుడికి ఇంకా దగ్గరగా మరో గ్రహం తిరుగుతోందేమోనని. అలాంటిది ఉంటే ఆ వెలుగులో మామూలుగా కనపడదు. సూర్యబింబం ముందు నుంచి దాటేటప్పుడు మాత్రం చిన్న నల్లచుక్కలా కనపడాలి.

చిక్కు ఇక్కడే వచ్చింది. సూర్యుడి మీద ఎలాగూ నల్లచుక్కలు ఉంటాయి. అందులో ఏది మచ్చ, ఏది గ్రహం? మచ్చ అయితే సూర్యుడితో పాటు మెల్లగా తిరుగుతూ ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఇంచుమించు రెండు వారాలు తీసుకుంటుంది. గ్రహమైతే కొన్ని గంటల్లో దాటిపోతుంది. కాబట్టి కొత్త చుక్కను పట్టుకోవాలంటే పాత చుక్కలన్నీ ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలిసి ఉండాలి. అంటే ప్రతిరోజూ చూడాలి, ప్రతి మచ్చనూ గీసుకోవాలి. 1826 నుంచి ఆయన చేసింది అదే. కొత్తగా మంచి టెలిస్కోపు తెప్పించుకున్నారు. నల్లటి అద్దం అడ్డం పెట్టి సూర్యుడిని చూసేవారు. (ఇంట్లో పిల్లలు దీన్ని చదువుతుంటే ఒక మాట: టెలిస్కోపుతో గానీ, బైనాక్యులర్‌తో గానీ, వట్టి కంటితో గానీ సూర్యుడిని చూడొద్దు. చూపు పోతుంది.) నోటుబుక్కులో గుండ్రంగా గీత గీసి, మచ్చల గుంపులను వాటి చోట్లలో పెట్టి, వరుస నంబర్లు వేసేవారు. ఏడాది మారితే నంబర్ మళ్లీ ఒకటి నుంచి.

మూడేళ్లకు, అంటే 1829లో, ఆయన షాపు అమ్మేశారు. తాతల నాటి వ్యాపారం, నాలుగు డబ్బులు వచ్చే వ్యాపారం. చేతిలో ఉన్నదల్లా ఉందో లేదో తెలియని ఒక గ్రహం మీద ఆశ. చుట్టుపక్కల వాళ్లు ఏమనుకున్నారో మనం ఊహించుకోవచ్చు. పెళ్లి కూడా ఆలస్యంగా, 1841లో, యాభై దాటాక చేసుకున్నారు. ఈ మధ్యలో గురుగ్రహాన్నీ వదల్లేదు. దాని మీద ఉండే పెద్ద ఎర్రమచ్చ ప్రాంతాన్ని 1831లో బొమ్మ గీసి పెట్టారు. ఆ మచ్చ గురించి పాత ఆధారాలు వెతికే శాస్త్రవేత్తలు నేటికీ ఆ బొమ్మను చూస్తారు.

గ్రహం మాత్రం దొరకలేదు. సంవత్సరాలు గడిచిపోయాయి. అయితే నోటుబుక్కులు నిండే కొద్దీ అందులో ఇంకోటి కనపడసాగింది. 1828లో ఆయన లెక్కపెట్టిన మచ్చల గుంపులు 225. ఆ ఏడాది ఆయన చూసిన రోజుల్లో మచ్చ లేని రోజు ఒక్కటీ లేదు. 1833కి వచ్చేసరికి గుంపులు 33కి పడిపోయాయి, మచ్చే లేని రోజులు 139. మళ్లీ 1837లో 333 గుంపులు. 1843లో 34 మాత్రమే, ఖాళీ రోజులు 149. పెరగడం, తగ్గడం, మళ్లీ పెరగడం, మళ్లీ తగ్గడం. 1843 చివరన ఆయన ఈ అంకెలన్నీ ఒక చిన్న పట్టికగా వేసి ఖగోళ పత్రికకు పంపారు. సుమారు పదేళ్లకోసారి ఇలా జరుగుతున్నట్టుందని, ఇది ఎప్పుడూ ఇలాగే ఉంటుందో లేదో రాబోయే కాలమే తేల్చాలని రాశారు. అంతే. డప్పు కొట్టుకోలేదు.

ఆ పట్టికలో గుంపుల అంకెల కంటే నాకు ఎక్కువ నచ్చేది ఎన్ని రోజులు చూశానన్న లెక్క. 1843లో 312 రోజులు. మబ్బులు, మంచు, వాన ఉండే జర్మనీలో 312 రోజులు! పైగా చూసి ఏమీ కనపడని రోజును కూడా ఆయన రాసి పెట్టారు. మన దుకాణాల్లో బేరం లేని రోజున ఖాతా పుస్తకం తెరవాలనిపించదు. ఆయన తెరిచారు. ఖాళీ రోజుల్ని వదిలేసి ఉంటే ఈ చక్రం అంత స్పష్టంగా కనపడేదే కాదు.

అయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అప్పటి ఖగోళ పండితులకు గ్రహాల దారులు, నక్షత్రాల స్థానాలు ముఖ్యం. సూర్యుడి మచ్చలంటే మన మబ్బుల్లాంటివే, వస్తాయి పోతాయి అనుకునేవారు. డెన్మార్క్‌లో హొర్రెబో అనే ఆయన 18వ శతాబ్దంలోనే ఇలాంటి అనుమానం రాసుకున్నా, ఆ రాతలు చాలాకాలం మరుగున పడి ఉన్నాయి. ష్వాబే లెక్కకు కూడా అదే గతి పట్టేదేమో. ఏడెనిమిదేళ్ల తర్వాత హుంబోల్ట్ తన ప్రసిద్ధ గ్రంథం 'కాస్మోస్' మూడో భాగంలో ఈ పట్టికను, కొత్త సంవత్సరాల అంకెలు కలిపి, అచ్చు వేశారు. హుంబోల్ట్ అంటే అప్పట్లో యూరప్ అంతా చదివే మనిషి. దాంతో పరిస్థితి మారిపోయింది. 1852లో సబీన్ అనే బ్రిటిష్ అధికారి, స్విట్జర్లాండ్‌లో వుల్ఫ్, గోటియర్ ఎవరికి వారు ఒకే సంగతి పట్టుకున్నారు: భూమి మీద దిక్సూచి ముల్లు అల్లాడటం కూడా ఇదే లయలో పెరిగి తగ్గుతోందని. పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలోని మచ్చకు, ఇక్కడి ముల్లుకు సంబంధం ఉందన్నమాట! వుల్ఫ్ పాత రికార్డులన్నీ తవ్వి తీసి సగటున 11 ఏళ్లని సరిచేశారు. ఒక్కోసారి తొమ్మిదేళ్లకే ముగుస్తుంది, ఒక్కోసారి పద్నాలుగేళ్లకు సాగుతుంది.

1857లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ష్వాబేకు బంగారు పతకం ఇచ్చింది. అప్పటికి ఆయనకు 67 ఏళ్లు. తన కథ తండ్రి గాడిదలను వెతకడానికి బయల్దేరి రాజ్యం సంపాదించుకొచ్చిన సౌలు కథలా ఉందని ఆయన నవ్వుతాలుగా చెప్పుకున్నారంటారు. రెండేళ్లకే, 1859 సెప్టెంబర్ 1న, ఇంగ్లండ్‌లో కారింగ్టన్ ఒక పెద్ద మచ్చల గుంపు మీద తెల్లటి మెరుపు చూశారు. మర్నాడు టెలిగ్రాఫ్ తీగలు దెబ్బతిన్నాయి, ధ్రువాల దగ్గర కనిపించే రంగుల వెలుగులు ఎంతో దక్షిణాన కూడా కనిపించాయి. మచ్చలంటే బలమైన అయస్కాంత క్షేత్రాలున్న చోట్లని 1908లో అమెరికాలో హేల్ తేల్చారు. ఆ క్షేత్రం లోపలి వేడిని పైకి రాకుండా అడ్డుకోవడంతో అక్కడ కాస్త చల్లబడి నల్లగా కనపడుతుంది. చల్లదనమంటే మన చల్లదనం కాదు, దాదాపు 4,000 డిగ్రీలు.

ఇప్పుడు నడుస్తున్నది 1755 నుంచి లెక్కేస్తే 25వ చక్రం, 2019 డిసెంబర్‌లో మొదలైంది. 2024 మేలో వచ్చిన సౌర తుఫానుకు లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం కూడా ఎర్రబడింది. సూర్యుడిని గమనించడానికి మన ఇస్రో పంపిన ఆదిత్య-ఎల్1 అప్పటికే అక్కడ పనిలో ఉంది. ఉపగ్రహాలు, కరెంటు గ్రిడ్లు, విమానాల రేడియో, అన్నీ ఈ చక్రం మీద ఓ కన్నేసి ఉంచాల్సిందే.

ష్వాబే 1867 దాకా గీస్తూనే ఉన్నారు. 1875 ఏప్రిల్ 11న అదే డెస్సావులో, 85 ఏళ్ల వయసులో కన్నుమూశారు. బుధుడి లోపలి గ్రహానికి ఈలోగా వల్కన్ అని పేరు కూడా పెట్టారు గానీ, అలాంటిదేదీ లేకుండానే బుధుడి నడకను వివరించవచ్చని 1915లో ఐన్‌స్టీన్ చూపించారు. ఆ నోటుబుక్కులు లండన్‌లో సొసైటీ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఈ మధ్య వాటిలోని ఎనిమిది వేలకు పైగా బొమ్మలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కో మచ్చ ఎక్కడ ఉందో, ఎంత పెద్దదో మళ్లీ కొలిచారు.