వైమానిక వీరుడు ఇంద్రలాల్ రాయ్



కులసభల సంచికలలో స్వకులీనుల చరిత్రములు ప్రకటించుట వాడుక. మేము వ్రాయబూనిన ఇంద్రలాల్ రాయ్ మన కులమువాడు కాడు, ఆంధ్రుడును కాడు. అయినను మొదట త్రోసివేయబడియు వెనుదీయని ఈ వంగబాలుని చరిత్రము మన విద్యార్థులకును, వారిని పోషించు దాతలకును ఉపకరించునని తలచి సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఇంద్రలాల్ 1898వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి బారిష్టరు. తల్లి లలితా రాయ్ లండనులో స్త్రీల వోటుహక్కు ఉద్యమమున పాల్గొనిన విదుషి. మాతామహుడు సూర్యకుమార చక్రవర్తి పాశ్చాత్యవైద్యము నేర్చిన తొలి భారతీయులలో నొకడు. ఇట్లు విద్యయే ధనముగా గల కుటుంబమున పుట్టి, బాలుడు లండనునందలి సెయింటు పాల్సు పాఠశాలలో చదువుచుండగా 1914లో మహాయుద్ధము సంభవించెను.

ఇంద్రలాల్ మనస్సు విమానములపై లగ్నమయ్యెను. ఆనాటి విమానములు కొయ్యచట్రములపై గుడ్డ బిగించి చేసినవి. వానిని నడపు ఆంగ్లేయ వైమానికులకు పారాచూటులైనను ఈయబడలేదు. అదియును గాక, యుద్ధము చేయు దళములలో భారతీయునకు అధికారిపదవి లభించుట ఆ కాలమున మిక్కిలి దుర్లభము. ఇవి యన్నియు నుండగా ఆయన రాయల్ ఫ్లయింగ్ కోరునకు దరఖాస్తు పెట్టెను. కంటిచూపు చాలదని వైద్యులు త్రోసివేసిరి.

అంతట ఆ బాలుడు చేసిన పని గమనింపదగినది. విధిని దూషింపలేదు, ఆశ విడువలేదు. తన మోటారు సైకిలును అమ్మి, ఆ సొమ్ముతో ఒక ప్రసిద్ధ నేత్రవైద్యునిచే మరల పరీక్ష చేయించుకొనెను. పూర్వనిర్ణయము మారెను. 1917 ఏప్రిలులో దళమున చేరి, జూలైలో సెకండు లెఫ్టినెంటు పదవి పొందెను. అప్పటికి వయస్సు పదునెనిమిది.

ఆ సంవత్సరమే డిసెంబరు 6వ తేదీన ఫ్రాన్సులో ఆయన విమానము కూలెను. తీవ్రముగా గాయపడిన ఇంద్రలాలును విమానయానమునకు అనర్హుడని మరల నిర్ణయించిరి. చికిత్సాకాలమున విమానముల చిత్రములు గీయుచు, విడువక ప్రయత్నించి, ఆయన తిరిగి అర్హుడనిపించుకొనెను. 1918 జూన్‌లో 40వ స్క్వాడ్రన్‌లో చేరెను. జూలై 6వ తేదీ మొదలు 19వ తేదీలోపల పది వైమానిక విజయములు సాధించెను. మూడు దినముల పిమ్మట, జూలై 22వ తేదీన, ఫ్రాన్సులో కార్వాను సమీపమున జర్మను విమానములతో పోరుచు నేలకొరిగెను. పందొమ్మిది యేండ్లు నిండి ఇంకను ఎనిమిది మాసములు కాలేదు. మరణానంతరము డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ పతకము ప్రసాదింపబడెను. ఆ పతకము పొందిన ప్రథమ భారతీయుడు ఆయనయే.

ఆనాడే ఆ దళమునకు యత్నించిన హర్దిత్ సింగ్ మాలిక్ అను సిక్కు యువకుడును మొదట నిరాకరింపబడెను. ఆక్స్‌ఫర్డునందలి ఆయన గురువు ఒక సేనానికి లేఖ వ్రాయగా 1917లో ద్వారము తెరువబడెను. 1932లో భారత వాయుసేన ఏర్పడెను. 1954లో సుబ్రతో ముఖర్జీ దానికి ప్రథమ భారతీయాధిపతి ఆయెను. 2016లో ముగ్గురు యువతులు యుద్ధవిమాన చాలకులైరి. ఇట్టి మార్గమునకు ముందుగా అడుగు వేసినవారు ఈ బాలురు.

దృష్టిలోపము యథార్థముగా నున్నచో పట్టుదల దానిని మాన్పలేదు. ఇంద్రలాల్ కోరినది దయ కాదు, సరియైన పరీక్ష. నేడును వాయుసేన వైద్యపరీక్షలో అనర్హులని తేలినవారు పునఃపరీక్ష కోరుకొనవచ్చును. ఈ సంగతి మన పిల్లలలో అనేకులెరుగరు. వ్యవసాయదారుని కొడుకు, కుట్టుపని చేయు తల్లి కూతురు, ఒకమారు కాదన్నంతనే అది తమ కులమునకు, తమ ఇంటికి తగని కొలువని తలచి మరలి వచ్చుచున్నారు.

దాతలారా, ఇంద్రలాలునకు అమ్ముకొనుటకు ఒక మోటారు సైకిలుండెను. మాలిక్‌నకు లేఖ వ్రాయు గురువుండెను. రెండును లేని బాలబాలికలు మన ఊళ్లలో నున్నారు. విద్యార్థి వేతనములు జీతములకును పుస్తకములకును చాలుచున్నవి గాని, దూరపు ప్రయాణమునకు, రెండవ వైద్యుని రుసుమునకు చాలుట లేదు. నిధిలో కొంతభాగము ఇందులకు ప్రత్యేకింపవలెనని మనవి. ఉపాధ్యాయులైనవారు దరఖాస్తులు చదివి దిద్ది, అవసరమైనచోట ఒక లేఖ వ్రాయుదురు గాక.

ఇంద్రలాల్ సమాధి ఫ్రాన్సులోని ఎస్తెవెల్ గ్రామమున నున్నది. ఆ వీరునకు నమస్కరించి, మన పిల్లలకు మేలు కోరుచు విరమించుచున్నాము.