వ్యాధి స్థానాన్వేషి మొర్గాగ్ని

జోవన్నీ బాటిస్టా మొర్గాగ్ని 1682 ఫిబ్రవరి 25న ఇటలీలోని ఫోర్లీ పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా చదువును విడువలేదు. 1701లో, 19వ ఏట, బొలోన్యా విశ్వవిద్యాలయం నుండి తత్త్వశాస్త్ర, వైద్యశాస్త్ర పట్టాలు పొందాడు. ప్రఖ్యాత శరీర శాస్త్రవేత్త వల్సాల్వాకు శిష్యుడై, గురువు పరిశోధనలలో చేదోడువాదోడుగా నిలిచాడు. 1715లో పాదువా విశ్వవిద్యాలయంలో శరీర శాస్త్ర పీఠాన్ని అధిష్ఠించి, 1771లో మరణించే వరకు ఆ పదవిని అలంకరించాడు.

దేహంలోని నాలుగు ద్రవాల సమతౌల్యం చెడడమే సకల రోగాలకు మూలమని ఐరోపా వైద్యులు అనాదిగా విశ్వసించేవారు. మొర్గాగ్ని మాత్రం రోగం ఏ అవయవంలో ఉన్నదని ప్రశ్నించాడు. రోగి జీవించి ఉన్నప్పుడు అనుభవించిన బాధలను, మరణానంతరం శవపరీక్షలో కనిపించిన మార్పులను సరిపోల్చాడు. ఆ కృషి ఫలంగా 1761లో, 79వ ఏట, వ్యాధుల స్థానాలను, కారణాలను వివరించే మహాగ్రంథాన్ని లాటిన్ భాషలో వెలువరించాడు. అది 70 లేఖల రూపంలో సాగిన రచన.

ఆ గ్రంథంలోనే ఒక వింత లోపం ప్రస్తావనకు వచ్చింది. ఛాతీని, ఉదరాన్ని వేరుచేసే కండరపు పొర విభాజక పటలం. రొమ్ము ఎముక వెనుక ఆ పొరలో ఏర్పడిన రంధ్రం గుండా ఉదర భాగాలు ఛాతీలోకి చొచ్చుకుపోవడాన్ని మొర్గాగ్ని వివరించాడు. అరుదైన ఆ లోపం నేటికీ మొర్గాగ్ని హెర్నియాగా ప్రసిద్ధం.

శిశువులలో ఎక్కువగా కనిపించేది వెనుక పార్శ్వంలోని లోపం. దానిని 1848లో చెక్ శాస్త్రవేత్త బొఖ్డాలెక్ వర్ణించాడు. గర్భస్థ దశలో విభాజక పటలం పూర్తిగా మూసుకోకపోతే పేగులు, జీర్ణాశయం, ప్లీహం, ఒక్కొక్కసారి కాలేయం ఛాతీలోకి చేరతాయి. బహు అరుదుగా మూత్రపిండం సైతం అక్కడ కనిపిస్తుంది. చోటు చాలక ఊపిరితిత్తులు ఎదగవు. గుండె పక్కకు ఒరుగుతుంది. పుట్టిన బిడ్డ ఊపిరాడక నీలివర్ణం దాలుస్తుంది.

మొర్గాగ్ని కాలంలో అట్టి శిశువులను రక్షించే ఉపాయం లేదు. లోపం ఎక్కడున్నదో తెలియనిదే దానిని సరిదిద్దడం అసాధ్యం. పుట్టి 24 గంటలైనా గడవని శిశువును శస్త్రచికిత్సతో బ్రతికించిన వృత్తాంతాన్ని 1946లో అమెరికా వైద్యుడు రాబర్ట్ గ్రాస్ ప్రకటించాడు. నేడు స్కానింగ్ ద్వారా ఈ లోపాన్ని తల్లి గర్భంలోనే గుర్తించగలుగుతున్నారు. అయినా ఊపిరితిత్తులు బొత్తిగా ఎదగని పసికందులను కాపాడడం ఇప్పటికీ కష్టసాధ్యమే.

మృతదేహాలను పరిశీలించి మొర్గాగ్ని ఆర్జించిన జ్ఞానం జీవించవలసినవారికి ఉపకరించింది. రోగ స్థానాన్ని అన్వేషించడమే చికిత్సకు తొలిమెట్టని నిరూపించిన ఆ ఆచార్యుడు చిరస్మరణీయుడు.