జేమ్స్ మాడిసన్: తుపాకీ హక్కు రాసింది ఆయనే.. ఫెడరల్ సర్కార్‌ను ఎదిరించే దారి చూపిందీ ఆయనే! మరి చివరి రోజుల్లో ఎందుకు భయపడ్డారు?

అమెరికాలో తుపాకుల గొడవ వచ్చిందంటే చాలు.. 190 ఏళ్ల క్రితం చనిపోయిన ఓ మనిషి పేరు మళ్లీ తెరపైకి వస్తుంది. ఆయనే ఆ దేశ నాలుగో అధ్యక్షుడు జేమ్స్ మాడిసన్. ఫెడరల్ తుపాకీ చట్టాలు మా దగ్గర చెల్లవు అని కొన్ని రాష్ట్రాలు సొంతంగా చట్టాలు చేస్తున్నాయి. వాళ్లు చూపించేది మాడిసన్‌నే. అలా కుదరదు అనేవాళ్లూ మాడిసన్‌నే చూపిస్తారు. ఒకే మనిషి రెండు వైపులా సాక్షి ఎలా అయ్యాడు? ఆయన జీవితం చూస్తే ఈ చిక్కుముడి అర్థమవుతుంది.

బక్కపలచని మనిషి.. గురి మాత్రం గట్టిదే

1751 మార్చి 16న వర్జీనియాలో పుట్టారు మాడిసన్. 12 మంది పిల్లల్లో పెద్దవాడు. తండ్రికి మాంట్‌పెలియర్‌లో పెద్ద పొగాకు తోట ఉండేది. ఆ తోటలో పనిచేసింది బానిసలు. మాడిసన్ చదువు, హోదా, తీరిక అన్నీ వాళ్ల కష్టం మీద వచ్చినవే.

ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. బరువు 45 కిలోల చుట్టూ. గొంతు ఎంత సన్నం అంటే.. సభలో మాట్లాడుతుంటే వెనక కూర్చున్నవాళ్లకు వినపడేది కాదు. ఇప్పుడు ప్రిన్స్‌టన్ యూనివర్సిటీగా పిలిచే కాలేజీలో 1771లో డిగ్రీ పూర్తిచేశారు. 1775లో స్వాతంత్ర్య పోరు మొదలయ్యాక సొంత కౌంటీ మిలీషియాలో కల్నల్ హోదా దక్కింది. మిలీషియా అంటే జీతం తీసుకునే సైన్యం కాదు, అవసరమైనప్పుడు సొంత తుపాకీతో వచ్చే స్థానిక పౌర దళం అన్నమాట. ఆరోగ్యం బాగోక యుద్ధానికి వెళ్లలేదు కానీ, 100 గజాల దూరంలో మనిషి ముఖమంత గురిని తాను పెద్దగా తప్పనని అప్పట్లో స్నేహితుడికి ఉత్తరం రాశారు.

మొదట ఆయన రాష్ట్రాల వైపు కాదు!

ఇక్కడే చాలామందికి తెలియని ట్విస్ట్ ఉంది. 1787లో ఫిలడెల్ఫియాలో రాజ్యాంగ సభ జరిగింది. దానికి మాడిసన్ పెట్టుకున్న కోరిక ఏంటో తెలుసా? రాష్ట్రాలు చేసే ఏ చట్టాన్నైనా కొట్టేసే అధికారం కేంద్రానికి ఇవ్వాలని! అప్పటికే రాష్ట్రాలు ఎవరికి వారే అన్నట్టు నడుస్తున్నాయి. పన్ను అడిగితే ఇచ్చేవి కావు, ఒప్పందాలు పాటించేవి కావు. ఇలాగైతే దేశం నిలవదని ఆయన భయం.

సభ ఒప్పుకోలేదు. ప్రతిపాదన ఓడిపోయింది. మాడిసన్ బాగా నిరాశపడ్డారు. అయినా తయారైన రాజ్యాంగాన్ని గెలిపించడానికి కలం పట్టారు. హామిల్టన్, జాన్ జేలతో కలిసి పత్రికల్లో వచ్చిన 85 వ్యాసాల్లో ఆయన వాటా పెద్దదే. వాటినే ఫెడరలిస్ట్ పేపర్స్ అంటారు.

వాటిలో 46వ వ్యాసం ఈ కథకు కీలకం. కేంద్రం సైన్యం పెట్టుకుని జనం మీద పడితే ఎలా అని అప్పట్లో అందరి ప్రశ్న. మాడిసన్ లెక్క వేసి చూపించారు. కేంద్రం ఎంత పోగుచేసినా సైన్యం 25 నుంచి 30 వేలు దాటదు. ఎదురుగా చేతిలో ఆయుధాలున్న పౌరులు దాదాపు 5 లక్షల మంది, వాళ్ల వెనక రాష్ట్ర ప్రభుత్వాలు. ఇంకో మాట కూడా రాశారు. కేంద్రం అన్యాయంగా చట్టం చేస్తే, దాని అధికారులకు సహకరించకుండా ఉండటం కూడా రాష్ట్రాల చేతిలో ఉన్న మార్గమే అని.

336 ఓట్లతో గెలిచి.. రెండో సవరణ

1788లో వర్జీనియాలో రాజ్యాంగానికి ఆమోదం దొరకడం గండంగా మారింది. మిలీషియాకు ఆయుధాలిచ్చే అధికారం కేంద్రం చేతికి వెళ్తే, ఇవ్వకుండా ఊరుకుంటే మా గతేంటి అని ప్యాట్రిక్ హెన్రీ లాంటి దిగ్గజాలు నిలదీశారు. బానిసల తిరుగుబాట్లను అణచడానికి కూడా దక్షిణాది రాష్ట్రాలు నమ్ముకున్నది ఈ మిలీషియాలనే. చివరికి 89-79 ఓట్లతో రాజ్యాంగం గట్టెక్కింది.

తర్వాత తొలి కాంగ్రెస్ ఎన్నికలో మాడిసన్‌కు ప్రత్యర్థి ఎవరో కాదు, స్నేహితుడు జేమ్స్ మన్రో. పౌర హక్కుల సవరణలు తెస్తానని మాట ఇచ్చి 336 ఓట్ల తేడాతో గెలిచారు. ఇచ్చిన మాట ప్రకారం 1789 జూన్ 8న సవరణలు సభ ముందు పెట్టారు. ఆయుధాల హక్కు కూడా అందులో ఉంది. మతం కారణంగా ఆయుధం పట్టనివాళ్లను సైన్యంలోకి బలవంతం చేయకూడదని కూడా ఆయన ముసాయిదాలో ఉండేది. ఆ భాగం చివరి రూపంలో మిగల్లేదు. 1791 డిసెంబర్ 15 నాటికి 10 సవరణలు ఆమోదం పొందాయి. రెండోది ఆయుధాల హక్కు. పదోది.. కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలవి, ప్రజలవి అని చెప్పేది. నేటి గొడవ మొత్తం ఈ రెండు సవరణల చుట్టూనే తిరుగుతోంది.

పేరు దాచుకుని రాసిన తీర్మానం

1798లో సీన్ మారింది. అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సర్కార్ దేశద్రోహ చట్టం తెచ్చింది. ప్రభుత్వాన్ని విమర్శిస్తే జైలే. పత్రికల ఎడిటర్లు నిజంగానే జైలుకెళ్లారు. ఒకప్పుడు కేంద్రం బలంగా ఉండాలన్న మాడిసన్ ఇప్పుడు కేంద్రాన్ని చూసి భయపడ్డారు.

మిత్రుడు జెఫర్సన్ అప్పుడు ఉపాధ్యక్షుడు. ఆయన రహస్యంగా కెంటకీ కోసం తీర్మానం రాస్తే, మాడిసన్ పేరు బయటపెట్టకుండా వర్జీనియా కోసం రాశారు. కేంద్రం హద్దు దాటితే రాష్ట్రాలు అడ్డుగా నిలబడాలి అన్నది దాని సారం. మిగతా రాష్ట్రాలు కలిసిరాలేదు. పైగా చట్టం చెల్లుతుందా లేదా అనేది కోర్టులు తేల్చాలి, మీరు కాదు అని కొన్ని తిరిగి జవాబిచ్చాయి. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయారు. 1801లో ఆ చట్టం గడువు కూడా తీరిపోయింది.

తానే అధ్యక్షుడైతే..

1809లో మాడిసన్ అధ్యక్షుడయ్యారు. 1812లో బ్రిటన్‌పై అమెరికా యుద్ధం ప్రకటించింది. అప్పుడు మసాచుసెట్స్, కనెటికట్ గవర్నర్లు ఏం చేశారంటే.. మా మిలీషియాను మీ కింద పెట్టం పొమ్మన్నారు! సహకరించకపోవడం ఎలా ఉంటుందో తన కుర్చీలో కూర్చుని చూడాల్సి వచ్చింది.

1814 ఆగస్టు 24న మరో దెబ్బ. బ్లాడెన్స్‌బర్గ్‌లో బ్రిటిష్ సేన ముందు మిలీషియా నిలబడలేక పారిపోయింది. మాడిసన్ అక్కడికి గుర్రం మీద వెళ్లి కళ్లారా చూశారు. ఆ రాత్రే వైట్ హౌస్ తగలబడింది. కాగితం మీద వేసిన 5 లక్షల లెక్క మైదానంలో తేలిపోయింది. అయినా ఇంత జరిగినా విమర్శకులను జైల్లో పెట్టే దేశద్రోహ చట్టం మాత్రం ఆయన తేలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

80 ఏళ్ల వయసులో చివరి పోరాటం

1832 నవంబర్‌లో సౌత్ కరోలినా ఫెడరల్ సుంకాల చట్టం మా రాష్ట్రంలో రద్దు అని ప్రకటించింది. ఆధారం? 1798 నాటి తీర్మానాలే! కీళ్ల నొప్పులతో కలం పట్టడమే కష్టంగా ఉన్న మాడిసన్ దీనికి రెండేళ్ల ముందు నుంచే గట్టిగా చెబుతూ వచ్చారు. నేను చెప్పింది ఇది కాదు, రాష్ట్రాలు కలిసి గొంతెత్తి జనాభిప్రాయాన్ని కదిలించడం వేరు, ఒక్క రాష్ట్రం తనంతట తాను ఫెడరల్ చట్టాన్ని రద్దు చేయడం వేరు అన్నారు. అలా చేస్తే దేశం ముక్కలవుతుందన్నారు. కానీ 1798లో తాను వాడిన భాషలో ఆ గీత అంత స్పష్టంగా లేదు. ఆయన్ను వెంటాడింది అదే.

1836 జూన్ 28న, 85 ఏళ్ల వయసులో మాంట్‌పెలియర్‌లో కన్నుమూశారు. పక్కన ఉన్నవాళ్లలో పాల్ జెన్నింగ్స్ అనే బానిస కూడా ఉన్నారు. హక్కుల సవరణలు రాసిన మనిషి వీలునామాలో తన బానిసలకు స్వేచ్ఛ రాయలేదు. సరిగ్గా పాతికేళ్లు తిరగకముందే సౌత్ కరోలినా దేశం నుంచి విడిపోతున్నట్టు ప్రకటించింది. తర్వాత అంతర్యుద్ధం.

ఇప్పుడు సీన్ ఏంటి?

1997లో సుప్రీంకోర్టు ఓ కీలక తీర్పు ఇచ్చింది. తుపాకీ కొనేవాళ్ల నేపథ్యం తనిఖీ చేయాలని స్థానిక పోలీసు అధికారులను కేంద్రం బలవంతపెట్టకూడదని చెప్పింది. అందులో మాడిసన్ రాతలనూ ప్రస్తావించారు. 2021లో మిస్సోరి ఇంకో అడుగు ముందుకేసింది. కొన్ని ఫెడరల్ తుపాకీ చట్టాలు తమ దగ్గర చెల్లవని, వాటి అమలుకు సాయం చేసే స్థానిక పోలీసు విభాగాలకు 50 వేల డాలర్ల జరిమానా అని చట్టం చేసింది. 2023లో ఫెడరల్ జడ్జి దాన్ని కొట్టేశారు. 2024 ఆగస్టులో అప్పీల్ కోర్టు కూడా అదే మాట చెప్పింది. సాయం చేయకపోవడం రాష్ట్రం ఇష్టం. ఫెడరల్ చట్టమే చెల్లదనడం మాత్రం కుదరదు.

చూశారుగా.. సహకరించకపోవడం వేరు, రద్దు చేయడం వేరు. ముసలి వయసులో నొప్పి పుడుతున్న వేళ్లతో మాడిసన్ గీసిన గీత కూడా దాదాపు ఇదే. అది 1798లోనే ఇంత స్పష్టంగా గీసి ఉంటే, రెండు వైపులవాళ్లూ ఆయన్నే సాక్షిగా పిలిచే పరిస్థితి వచ్చేది కాదేమో!