గుర్తింపు చూడని మార్గదర్శి డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ

దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు 1978 అక్టోబరు 3న కలకత్తాలో జన్మించింది. ఆ జననానికి కారకుడైన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ మాత్రం తగిన గుర్తింపు పొందకుండానే కన్నుమూశారు.

ఆయన 1931 జనవరి 16న హజారీబాగ్‌లో జన్మించారు. కలకత్తాలో వైద్యవిద్య అభ్యసించి, పునరుత్పత్తి శరీరధర్మ శాస్త్రంలో డాక్టరేటు పొందారు. 1967లో ఎడిన్‌బరోలో హార్మోన్లపై పరిశోధనకు రెండో డాక్టరేటు అందుకున్నారు.

1978 జులైలో బ్రిటన్‌లో లూయీ బ్రౌన్ జననానికి అక్కడి వైద్యులు సహజ రుతుచక్రంలో లభించే అండంపైనే ఆధారపడ్డారు. ముఖోపాధ్యాయ గొనాడోట్రోపిన్ హార్మోన్లతో ఒకటికి మించి అండాలను పరిపక్వం చేయించారు. అయితే చికిత్సతో పెరిగిన హార్మోన్ల స్థాయి, పిండం గర్భాశయంలో నిలదొక్కుకోవడానికి అంతగా అనుకూలించదు. అందువల్ల పిండాలను 53 రోజులు ఘనీభవన స్థితిలో భద్రపరచి, శరీరం సహజ స్థితికి చేరాక మరో రుతుచక్రంలో గర్భాశయంలో ప్రవేశపెట్టారు. అలా జన్మించిన పాపకు దుర్గ అన్న పేరు స్థిరపడింది.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన విచారణ సంఘం ఈ విజయాన్ని విశ్వసించలేదు. జపాన్‌లో తన పరిశోధనను వివరించేందుకు ఆయనకు అనుమతి లభించలేదు. 1981 జూన్‌లో నేత్రవైద్య సంస్థకు బదిలీ అయ్యారు. అదే నెల 19న, 50 ఏళ్ల వయసులో బలవన్మరణం పొందారు.

1986లో బొంబాయిలో జన్మించిన శిశువే దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువుగా నమోదైంది. ఆ ప్రయోగానికి సారథ్యం వహించిన శాస్త్రవేత్త టి.సి.ఆనంద్ కుమారే 1997లో ముఖోపాధ్యాయ రాతపత్రాలను పరిశీలించి, తొలి ఘనత ఆయనదేనని ప్రకటించారు. హార్మోన్ల స్థాయి అధికంగా ఉన్నప్పుడు పిండాన్ని భద్రపరచి, తరువాత ప్రవేశపెట్టడం నేడు సంతాన సాఫల్య చికిత్సలో సాధారణ విధానం.